ముప్పై తెలుపులు తెలిసిన మనిషి

రంగుల షాపులోకి రంగులు కలిపే మిషను వచ్చి ఆరేళ్ళయినా గిరాకీలు ఆయన కోసమే అడిగేవారు. పాత గోడ పెచ్చు ఒకటి తెచ్చి చేతిలో పెడితే చాలు, చిటికెడు నలుపు, రెండు చుక్కల ఎరుపు వేసి అచ్చం అదే రంగు దింపేసేవాడు. తెలుపే ముప్పై రకాలుంటుందని ఆయనంటే నవ్వినవాళ్ళు, అట్టముక్కలు పక్కపక్కన పెట్టి చూపించాక నోరు మూసుకునేవారు. ఆయనకి ఒకటే నియమం. కలిపిన రంగుని అట్ట మీద పూసి, వీధిలోకి పట్టుకెళ్ళి, ఆకాశం కింద చూసుకోనిదే డబ్బా మూత వేసేవాడు కాదు. షాపు లైటుని నమ్మితే కొంప మునుగుతుందని రోజుకి పదిసార్లయినా చెప్పేవాడు.

ఆ మనిషికి కాలేయంలో కేన్సర్ వచ్చింది. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం పంపి కణితికే మందు ఎక్కించారు. ఏడాది పాటు నిమ్మళంగా ఉంది. తర్వాత స్కానింగులో మళ్ళీ రెండు మచ్చలు కనిపించాయి. మామూలుగా ఇచ్చే మందు ఎలాగూ ఉంది, కొత్త మందుల మీద క్లినికల్ ట్రయల్స్ కూడా జరుగుతుంటాయి, మీకు సరిపడేది ఉందేమో వెతకండి అన్నాడు డాక్టరు. భార్య ఆ పని తన తమ్ముడికి అప్పజెప్పింది.

ఆ తమ్ముడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. చీమ తలకాయంత అక్షరాన్ని కూడా వదలడు, పట్టుకుంటే ఉడుంపట్టు. ట్రయల్స్ జాబితా ముందేసుకుని, ఒక్కోదాని షరతులూ గీతలు గీస్తూ చదివాడు. ఒకదాంట్లో చేర్చుకోవడం అయిపోయింది. ఇంకోదానికి అసలు ఏ వైద్యమూ జరగనివాళ్ళే కావాలట. మూడోది ఊరికి అవతలి వైపున్న పెద్దాసుపత్రిలో. అన్నీ సరిపోయాయి, ఒక్క షరతు తప్ప. రక్తంలో కామెర్ల లెక్క, బిలిరుబిన్ అంటారు, అది రెండు దాటకూడదు. అది పరీక్ష చేస్తేగానీ తెలియదు. ఖాళీలు రెండే మిగిలాయనీ, గురువారం పొద్దున్నే రమ్మనీ నర్సు ఫోనులో చెప్పింది.

అప్పట్నుంచి ఆయన పొద్దున లేవగానే బాత్రూములోకెళ్ళి తలుపేసుకుని, కళ్ళు పచ్చబడ్డాయేమోనని అద్దంలో చూసుకోవడం మొదలుపెట్టాడు. తనకి తెలిసిన తెలుపుల్ని ఒక్కొక్కటే గుర్తు చేసుకుని కంటితో పోల్చుకునేవాడు. మధ్యాహ్నాలు మగతలో తను రంగు కలిపిన వీధులన్నీ తిరిగేవాడు. ఆ నీలం మేడ నాదే, ఆ లేతాకుపచ్చ బడి నాదే అనుకుంటూ గోడల్ని తడుముతూ పోతుంటే, వెనకనుంచి పసుపు మెత్తగా, చప్పుడు లేకుండా పాకి వచ్చేది. నీలం మునిగేది, ఆకుపచ్చ మునిగేది. భయం కూడా వేసేది కాదు. ఎవరో దుప్పటి కప్పుతున్నట్టు హాయిగా ఉండేది. లేచాకే భయపడి మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళేవాడు.

మంగళవారం నాడు, తను గురువారం వెళ్ళనని చెప్పేశాడు. నా కన్ను నాకు అబద్ధం చెప్పదు, లెక్క ఎప్పుడో దాటిపోయింది, ఉన్న రెండు చోట్లలో ఒకటి ఇంకెవరికైనా పనికొస్తుంది అన్నాడు. పైకి అన్నది అదీ. అక్కడిదాకా వెళ్ళాక వెనక్కి పంపేస్తే ఆ ఆసుపత్రి మెట్లు ఎలా దిగాలన్నదే అసలు భయం. భార్య బతిమాలింది, తిట్టింది, చివరికి కంచం ముందు పెట్టి లేచిపోయింది. ఆయన మొండికేశాడంటే మరి కదలడు.

బుధవారం బావమరిది వచ్చాడు. వాదించలేదు. ఏ అద్దంలో చూసుకున్నావని మాత్రం అడిగి, బాత్రూములోకి వెళ్ళాడు. రెండు నిమిషాల్లో గోడకున్న చిన్న అద్దం పీక్కుని బయటికొచ్చాడు.

"బావా, ఆ గోడకి ఆ రంగెప్పుడు వేశావ్?"

పోయిన నెలలో, అన్నాడాయన. షాపులో ఒక డబ్బా అడుగున పసుపు మిగిలితే పారేయడం ఎందుకని పూశాడట.

"ఆ పసుపు వెలుగు పడి అందులో నా కళ్ళూ పచ్చగానే ఉన్నాయి. నాకూ కేన్సరేనా?"

చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయి, ఎండలో అద్దం ఎత్తి పట్టుకున్నాడు. ఆయన చూసుకున్నాడు. జేబులోంచి తెల్ల అట్ట తీసి కంటి పక్కన పెట్టి మళ్ళీ చూసుకున్నాడు. తెలుపే. ఉతికి ఉతికి మెత్తబడిన బట్టలా ఉండే ఆయన పాత తెలుపే. నలభై ఏళ్ళు ఊరందరికీ చెప్పిన మాట తనకి తాను చెప్పుకోలేదు. సిగ్గుతో, సంతోషంతో ఆయనకి ఏడుపొచ్చింది.

"ఆ గోడని నమ్మి ప్రాణం పోగొట్టుకునేవాడివి. ఇక నీ కన్ను మాటా వద్దు, నా కన్ను మాటా వద్దు. రేపు రక్తం చెబుతుంది" అన్నాడు బావమరిది.

రక్తం ఒకటి పాయింట్ నాలుగు అని చెప్పింది. స్కానింగులయ్యాయి. ఇరవై పేజీల ఒప్పుకోలు పత్రాన్ని బావమరిది పైకి చదివి, మధ్యలో రెండు అచ్చుతప్పులు కూడా పట్టాడు. అందరికీ మామూలు మందు ఇస్తారు. దాంతోపాటు సగం మందికి కొత్త మందు, సగం మందికి ఉత్త సెలైను. ఎవరికి ఏది ఎక్కుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. వద్దనుకున్న రోజున మానేయొచ్చు. ఆయన సంతకం పెట్టాడు.

మొదటి రోజు, కొత్త మందో సెలైనో తెలియని ఆ రెండో సంచీ తగిలించేముందు, ఒక్కసారి ఇలా ఇవ్వమ్మా అని నర్సుని అడిగి, కిటికీ దగ్గర పగటి వెలుతురులోకి ఎత్తి చూశాడు. ముప్పై తెలుపులు తెలిసిన కంటికి ఏమీ తెలియలేదు. నీళ్ళలా ఉంది, అంతే. నవ్వి తిరిగి ఇచ్చేశాడు. చుక్క చుక్కగా అది దిగుతుంటే మగత కమ్మింది. మళ్ళీ తన వీధులు కనిపించాయి. ఈసారి పసుపు పాకి రాలేదు, ఏ రంగు ఆ రంగుగానే ఉంది.

ఇంటికొచ్చేసరికి భార్య బాత్రూము గోడంతా గీకి పెట్టి, రెండు తెల్ల అట్టలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏది వేద్దాం?"

ఆయన వాటిని వీధిలోకి పట్టుకెళ్ళాడు. ఆకాశం కింద అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు.

"రెండూ బాగానే ఉన్నాయి. ఎక్కువ ఏళ్ళు ఉండేది వేద్దాం" అన్నాడు.