మబ్బు పట్టిన రోజు మర ఆపుతామన్నారు

పోయిన వారం అనంతపురం నుంచి కంబదూరు పోయే బస్సులో వెళ్తుంటే మా ఊరి గుట్ట మీద గాలిమర ఆగిపోయి కనిపించింది. పైన నల్లగా మబ్బు. కిటికీ అద్దాలు గడగడలాడేంత గాలి. అయినా మూడు రెక్కల్లో ఒక్కటీ కదలడం లేదు. "మర ఆగిందే!" అని పైకే అనేశాను. "పాతదైపోయిందంట మ్మా, రిపేరు చేసేవాళ్లు ల్యారంట," అంది పక్కనున్నామె. నాకు ఇక సీట్లో కుదురు లేకపోయింది. ఊరింకా దూరముండగానే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ మర ఆపమని అడగడానికి మా నాయన ఎన్నిసార్లు గుట్ట ఎక్కి దిగాడో ఆమెకేం తెలుసు!

కథ మాత్రం నాయనతో కాదు, మా మామతో మొదలవుతుంది. మామంటే మా అమ్మకు తమ్ముడు. ఏదో చలిదేశంలో మన దేశం తరఫున రాయబారి. గుత్తిలో రైలెక్కడమే గొప్ప ప్రయాణమనుకునే మా ఇంట్లో ఈయన సముద్రాలు దాటాడు. సెలవుల్లో వచ్చాడంటే కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. మంచం వేస్తే కూర్చోడు, కూర్చుంటే కాలు ఊపుతాడు, కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లోంచి పెరట్లోకీ పెరట్లోంచి వాకిట్లోకీ నడుస్తూనే ఉంటాడు. కానీ ఆయనతో వాదించినవాళ్లంతా తామే గెలిచామనుకుని వెళ్లిపోయేవాళ్లు. మా అవ్వ పెట్టిన సంగటి వద్దని చెప్పి కూడా, దాన్ని మెచ్చుకున్నట్టే ఆమెను నమ్మించగలడు. నాకు ఆయనంటే పిచ్చి అభిమానం. బత్తలపల్లెలో సైన్సు టీచరుగా కొత్తగా చేరిన రోజులవి. మా మామ రాయబారి అని స్టాఫురూములో చెప్పకుండా ఒక్క రోజూ గడవనిచ్చేదాన్ని కాదు.

తొంభైల చివర్లో ఆయన ఉద్యోగం చాలించి ఊరికి వచ్చాడు. వెంట ఆ చలిదేశపు కంపెనీవాళ్లు ఇద్దరు. మా గుట్ట మీద గాలిమర నిలబెడతారట. గుట్ట ఊరిది, గొర్రెలు మేసేది అక్కడే, కాబట్టి ఊరు ఒప్పుకోవాలి. ఊరి భయం మేత గురించి అనుకున్నాను నేను. కాదు, మబ్బుల గురించి. "ఆ రెక్కలు అట్ల తిరుగుతాంటే మబ్బు ఈడ నిలుస్తాదా సామీ? తరిమితే కర్ణాటకలో పడతాది," అన్నాడు కూడిన జనంలోంచి ఒక గొర్రెల కాపరి. అందరూ అవునంటే అవునన్నారు. రెక్కలకూ మబ్బుకూ సంబంధం లేదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. మామ కళ్లతోనే నన్ను ఆపాడు. "నిజమేనప్పా, మీరు చెప్పేదీ న్యాయమే. మబ్బు పట్టిన దినం మర ఆపిస్తాం. సరేనా?" అన్నాడు. జనం మొహాలు విచ్చుకున్నాయి. నేనూ మురిసిపోయాను. ఇదీ రాయబారమంటే, అనుకున్నాను.

మావాళ్లకు కాగితం మీద నమ్మకం తక్కువ. వక్కాకు తీసుకుని పదిమంది ముందు నమిలితేనే మాట ఇచ్చినట్టు. పళ్లెం మామ ముందుకు వచ్చింది. ఆయన ఆకును చేతిలో అటూ ఇటూ తిప్పి నవ్వాడు. "నాకు అలవాటు తప్పింది బావా, నా బదులు నువ్వు నములు," అని మా నాయన చేతిలో పెట్టాడు. బామ్మర్ది మీద నమ్మకంతో నాయన ఇంకో ఆలోచన లేకుండా నోట్లో వేసుకున్నాడు. ఆ క్షణం నుంచి మాట మా నాయనదైపోయింది.

మర తిరిగింది. తర్వాతి ఏడు శనక్కాయ విత్తే అదనుకు మబ్బు పట్టింది. ఊరివాళ్లు మా వాకిట్లోకి వచ్చారు. "అన్నా, మర ఆపమని చెప్పన్నా." నాయన తువ్వాలు భుజాన వేసుకుని గుట్ట ఎక్కాడు. "నాదేముంది పెద్దాయనా, నేను గేటుకే కాపలా," అన్నాడట వాచ్‌మన్. మామకు ఫోను చేస్తే, "పైవాళ్లతో మాట్లాడతాండా బావా," అన్నాడు. నాలుగుసార్లు అదే జవాబు. ఆ తర్వాత ఫోనెత్తడమే మానేశాడు. వాన రాలేదు. నాయన మాత్రం మబ్బు పట్టినప్పుడల్లా ఎక్కాడు, ఏటేటా ఎక్కాడు. ఆకాశం మసకబారితే చాలు, మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగేది కాదు.

అప్పుడే పేపర్లో వచ్చింది. రాయబారిగా ఉన్నప్పటి నుంచే మామ ఆ కంపెనీ కోసం లాబీయింగ్ చేస్తున్నాడట. అదేమిటని అమ్మ అడిగింది. ఒకరి దగ్గర డబ్బు తీసుకుని, వాళ్ల పనిని ఇంకొకరి చేత ఒప్పించిపెట్టడం అన్నాను. "అంటే పెండ్లిళ్ల పేరయ్య పనే కదా! దానికి పేపర్లో ఏమి ఎయ్యల్ల?" అంది తమ్ముడి మీద ఈగ వాలనివ్వని మా అమ్మ. "పేరయ్య తీసుకునేది ఊరందరికీ తెలుసు. మీ తమ్ముడు తీసుకున్నేది మనకు తెల్దు," అన్నాడు నాయన. మామను ఆయన అన్న కఠినమైన మాట అదొక్కటే.

నాకే ఉండబట్టలేదు. ఒకసారి, మోకాళ్ల నొప్పితో గుట్ట దిగి వచ్చిన నాయన మీద కోప్పడ్డాను. "మర ఆపినా వాన రాదు నాయనా. నేను పిల్లోళ్లకు చెప్పే పాఠమే అది!"

ఆయన చెంబు కింద పెట్టి నన్ను వింతగా చూశాడు. "మర ఆపితే వాన వస్తాదని నేనెప్పుడు అంటి మ్మా? ఆపుతామని చెప్పినాం గదా. ఆపల్ల."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. నిజం తెలిసీ ఆ రోజు నోరు మూసుకున్నదాన్ని నేనే కదా.

అవ్వ పోయినప్పుడు మామ వచ్చాడు. ఆ రోజూ మబ్బుగానే ఉంది. నాయన తిట్టలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "గుట్ట దాకా పోయొస్తాం దా అప్పా," అన్నాడు. ఎక్కడా నిమిషం కుదురుగా కూర్చోని మా మామ ఆ రోజు వాకిట్లో వేసిన మంచం మీద నుంచి లేవలేదు. నాయన ఒక్కడే వెళ్లాడు.

ఇప్పుడు మర ఆగింది, పైన మబ్బూ ఉంది. బస్సు దిగి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. కబురు చెబుదామంటే నాయన లేడు. మనుషులు తప్పిన మాటను కాలం ఎప్పుడో తన తీరిక కొద్దీ తీరుస్తుంది గానీ, అడిగిన మనిషి ఉన్నాడా లేడా అని ఒక్కసారైనా చూసుకోదు.