తెగని గుక్క

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధం నాతో ఉంది. దాని బరువు మోశానని చెప్పుకుంటే అది ఇంకో అబద్ధం. మోసింది ఎర్రయ్య. నేను దాని మీద దర్జాగా కూర్చుని మాస్టారు అనిపించుకున్నాను.

మీరు వినండి చాలు. జాలి పడకండి.

అరవైల చివర్లో నరసన్నపేట దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరాను. విజయనగరంలో పోటీలకు చెడుగుడు జట్టును ఎంచాలి. నేను లావుపాటి కుర్రాళ్లనే ఏరాను. చేతులు కలిపి నిలబడితే గోడలా ఉండాలి, గోడను ఎవడు దాటతాడండీ అని హెడ్మాస్టారి ముందు గొప్పలు పోయాను. ఆయన తల ఊపారు. ఆ తల ఊపడానికి ఎంత మురిసిపోయానో! ఛీ.

ఒక్క చోటు మిగిలింది. దానికోసం ఎర్రయ్య వచ్చాడు. కళింగపట్నం జాలర్ల కుర్రాడు, బక్కపలచటివాడు. జట్టులో ఉన్నవాళ్లకు హాస్టల్లో చోటిస్తామన్నారు. అది దొరక్కపోతే వాడు చదువు మానేసి తండ్రితో పడవెక్కాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

నా గోడకు ఎదురుగా వాణ్ణి కూతకు పంపాను. జట్టు నాయకుడు సూరి, రైతుబిడ్డ, అందరికన్నా భారీ మనిషి, వాణ్ణి వేలెడంత చేపతో పోల్చి ఎక్కిరించాడు.

“ఒరే మెత్తల్లూ! నలిపీసి ఎండబెట్టీగలం, సూసుకో!”

“పెద్ద కన్నాల వల్లో మెత్తల్లు ఆగవు బావా. కాసుకో,” అన్నాడు ఎర్రయ్య.

సూరిని తాకాడు. గోడంతా వాడి మీద పడింది. ఆ కాళ్ల సందుల్లోంచి, కూత ఆపకుండానే, జారి వచ్చి నడిగీత ముట్టుకున్నాడు. కూత ఆగిందో లేదో వినడానికి నేను వాడి పక్కనే వంగి ఉన్నాను. హెడ్మాస్టారు కుర్చీలోంచి చూస్తున్నారు. నా గోడ నేలమీద దొర్లుతోంది. ఈల ఊదాను.

“గుక్క తెగింది. అవుట్.”

వాడు మట్టిలోంచి తలెత్తాడు. “ఏటి మాస్టారూ? నాను గుక్క తిప్పుకోనేదు. పక్కనే ఉన్నారు గదా. మీకు ఇనబడనేదా?”

“తెగిందన్నాను కదా!”

“గుక్కతెగినోడా, పోరా!” సూరి పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను? ఇప్పుడు తలుచుకుంటే నా పళ్లు రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

విజయనగరంలో మొదటి ఆటలోనే మా గోడ కూలింది. అవతలివాళ్లంతా ఎర్రయ్యలాంటి కుర్రాళ్లే, పట్టుకుంటే చేతికి చిక్కరు. అప్పుడైనా నోరు విప్పానా? మావాళ్లకు అలవాటు లేని నేలండీ అన్నాను. తప్పంతా నేల మీదికి నెట్టేశాను, సిగ్గులేనివాణ్ణి. ఎర్రయ్య అప్పటికే పడవెక్కాడు.

మొన్న కళింగపట్నం వెళ్లాను. ఒప్పుకుందామనే వెళ్లాను. ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒకావిణ్ణి ఎర్రయ్య ఇల్లెక్కడని అడిగాను.

“ఏ ఎర్రయ్య బాబూ? గుక్కతెగినోడా?” అంది. మామూలుగా అంది, అది వాడి ఇంటిపేరే అన్నట్టు.

ఇంత వయసొచ్చినా వాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తున్నారు. సూరి నోట వచ్చినా, నా ఈల పెట్టిన పేరు. తిరుగు బస్సెక్కాను. సిగ్గుపడి కాదు. భయపడి.

వాడి తరఫున నన్ను క్షమించే హక్కు మీకు లేదు. నేనూ అడగను. ఆనాడు వాడడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరాడుతోంది.

వినబడింది రా ఎర్రయ్యా. నువ్వు గీత ముట్టుకునేదాకా వినబడింది.