వణికింది చెయ్యి కాదు

2022 వానాకాలం. పాతబస్తీలో గాజుల దుకాణాల వరుస మీద, మొదటి అంతస్తులో మా క్లినిక్. నేను ఆడియాలజిస్టును. చెవి ఎంతవరకు వింటోందో పరీక్షించి, అవసరమైతే హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. వచ్చేవాళ్లందరి కోరికా ఒకటే: మనవళ్ల మాటలు వినాలి, ఫోన్లో మాట్లాడాలి. యాదగిరి గారి కోరిక వేరు.

ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, ఉండేది ఉప్పుగూడలో. ఏళ్ల తరబడి ఇంజన్ల మోత విని విని, సన్నటి శబ్దాలు ఆయన చెవికి అందడం మానేశాయి. ఆయన్ని వెంటబెట్టుకొచ్చింది చిన్ననాటి స్నేహితుడు రహీం భాయ్. మా కింద ఉన్న గాజుల దుకాణం ఆయనదే. యాదగిరి గారిది ఫిడేలు, రహీం భాయ్‌ది గొంతు. మరికొందరు మిత్రులతో కలిసి పాత హిందీ సినిమా పాటల కచేరీలు చేస్తారు. ఆ పాటలు కూడా ఒకే ఒక్క సంగీత దర్శకుడివి! ఆయన పేరెత్తితే చాలు, ఇద్దరి చేతులూ చెవి తమ్మెల మీదికి పోతాయి. ఉస్తాదు పేరు పలికేటప్పుడు అది మర్యాద.

చెవికి మిషన్ పెట్టిన రోజు యాదగిరి గారు ఆ పేరు పలికి చెవి ముట్టుకోగానే మిషన్ కుయ్యిమంది. ముగ్గురం నవ్వాం. "బయటికొచ్చిన శబ్దం మళ్లీ లోపలికి పోతే అలా ఈల వేస్తుందండీ. దాన్ని అణచడానికి ఫీడ్‌బ్యాక్ క్యాన్సెలర్ అని లోపలే ఒక ఏర్పాటు ఉంది" అని చెప్పి పంపాను.

కొన్నాళ్లకు రహీం భాయ్ ఆయన్ని దాదాపు లాక్కొచ్చారు.

"మేడం, వీడు ఫిడేలు పెట్టెల పెట్టి అటక మీదికి ఎక్కించిండు. వచ్చే నెల ప్రోగ్రాం ఉంది. ఇంకో మనిషిని చూస్కో అంటుండు!"

యాదగిరి గారు తల వంచుకుని కూర్చున్నారు. "మాటలు మస్తు మంచిగ వినవడుతున్నయ్ బిడ్డా. నీ మిషన్ల ఏం తప్పు లేదు. నా చెయ్యే పోయింది. కమాను గుంజితే స్వరం వణుకుతుంది."

"వణుకుతలేదు యార్! నేను వింటున్న కదా!"

"దోస్తాన్ల అబద్ధం ఆడుతుండు బిడ్డా. మిషన్ లేనప్పుడు అంతా మసక మసకగ వినవడుతుండె, వణుకుతున్నదో లేదో తెల్వకపాయె. ఇప్పుడు అసలు సంగతి బయటపడ్డది."

ఆ మాట అంటుంటే ఆయన ఎడమచెయ్యి, కమాను పట్టే కుడిచేతిని గట్టిగా పట్టుకుని ఉంది. వణుకుతోందేమోనని నేనూ చూశాను. నిశ్చలంగా ఉంది.

మర్నాడు ఫిడేలు తీసుకుని రమ్మంటే ఇద్దరూ వచ్చారు. స్టెతోస్కోప్ లాంటి గొట్టం ఒకటి మా దగ్గర ఉంటుంది. మిషన్‌ను దానికి తగిలిస్తే, పెట్టుకున్న మనిషికి వినిపించేది మేమూ వినవచ్చు. ఆయన మిషన్ తగిలించి, దాన్ని చెవులకు పెట్టుకుని, ఒకే స్వరం పొడుగ్గా లాగమన్నాను. ఆయన లాగారు. స్వరం నీళ్లలో నీడలా అల్లాడుతోంది! గొట్టం తీసేశాను. గదిలో అదే స్వరం గీత గీసినట్టు తిన్నగా ఉంది. మళ్లీ పెట్టుకున్నాను, మళ్లీ వణుకు. కుర్చీలోంచి ఎగిరి లేచాను.

"చెయ్యి కాదండీ! మిషన్! పొడుగాటి ఫిడేలు స్వరాన్ని ఇది ఈల అనుకుంటోంది. అణిచేద్దామని దానితో కొట్లాడుతోంది!"

రహీం భాయ్ నా చేతిలోంచి గొట్టం తీసుకుని విన్నారు. "అల్లా! ఇదా నువ్వు ఇన్ని దినాలు వింటున్నది?" అంటూ స్నేహితుణ్ని వాటేసుకున్నారు. యాదగిరి గారు కళ్లు తుడుచుకోవడానికి చొక్కా అంచు వెతుక్కున్నారు.

ఈలను అణిచే ఏర్పాటును ఊరికే తీసేస్తే మిషన్ నిజంగానే ఈల వేస్తుంది. అందుకని చెవి అచ్చు తీసి, గాలి సందు లేకుండా బిగుతుగా కూర్చునే ఇయర్ మౌల్డ్ చేయించాను. పాటల కోసం మిషన్‌లో విడిగా ఒక మ్యూజిక్ సెట్టింగ్ పెట్టి, అందులో క్యాన్సెలర్ ఆపేశాను. మౌల్డ్ వచ్చాక రహీం భాయ్ తన ఫోన్లోంచి ఉస్తాదు పాటను నేరుగా మిషన్‌లోకి పంపారు. అందులో పల్లవి అయ్యాక వాద్యాలన్నీ ఆగిపోయి, ఒక్క ఫిడేలు మాత్రం ఒకే స్వరం పట్టుకుని నిలబడుతుంది. "హాలు నిండ ఫిడేళ్లు పెట్టుకునే తాకతు ఉండి, ఒక్కదాన్నే ఉంచిండు చూడండి" అన్నారాయన నాతో. "పాట గొంతుకిచ్చిండు, బాధ ఫిడేలుకిచ్చిండు."

యాదగిరి గారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు.

"ఆగు రహీం! కింద ఇంకోటి ఉంది!"

"ఏముంది?"

"చరణంల, గొంతు కింద... పెద్ద ఫిడేలు, చెల్లో. గొంతు పైకి పోతుంటే అది కిందికి దిగుతుంది! ఇన్నేండ్ల సంది వాయిస్తున్న, ఇది ఎన్నడు వినలే!"

నాకు కారణం తెలుసు. ఇంజన్ల మోత దెబ్బతీసింది సన్నటి శబ్దాలను. లోతైన మంద్ర శబ్దాలు అందుకునే శక్తి ఆయన చెవిలో చెక్కుచెదరలేదు. చిన్న స్పీకర్లలో పైకి రాని ఆ శబ్దాలు ఇప్పుడు నేరుగా చెవిలోకి వస్తున్నాయి, బిగుతు మౌల్డ్ వాటిని బయటికి జారిపోనివ్వడం లేదు. కానీ అదంతా వివరించే తీరిక ఎవరికుంది? రహీం భాయ్, నేను ఒకే జత ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకున్నాం. మా నాన్న కాకినాడ ఇంట్లో రేడియోలో ఈ పాట పెడితే ఛానెల్ మార్చమని గొడవ చేసినదాన్ని నేను. ఆ రోజు దాన్ని మళ్లీ పెట్టండి, మళ్లీ పెట్టండి అని అడుగుతూ కూర్చున్నాను. బయట పేషెంట్లు తలుపు తట్టేదాకా మాకు సోయి లేదు.

ప్రోగ్రాం బేగంబజార్ దగ్గర ఒక చిన్న హాల్లో జరిగింది. నేను ముందు వరుసలోనే కూర్చున్నాను. ఆ పాట వచ్చింది, పల్లవి అయింది, అందరూ ఆగారు. యాదగిరి గారు కళ్లు మూసుకుని ఆ ఒక్క స్వరం లాగారు. లాగుతూనే ఉన్నారు. చరణం అందుకోవాల్సిన రహీం భాయ్ మైకు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. జనం చప్పట్లు కొట్టారు.

దిగి వచ్చాక రహీం భాయ్ కసురుకున్నారు: "ఎంతసేపు గుంజుతవ్ రా! నా ఊపిరి ఆగిపోయింది."

"ఏం చేయాలె? ఇడువ బుద్ధి కాలే" అన్నారు యాదగిరి గారు.

అప్పటినుంచి నా దగ్గర కూర్చున్న మనిషిని "వినిపిస్తోందా?" అని అడిగి సరిపెట్టుకోను. "మీకు ఏం వినడం ఇష్టం?" అని అడుగుతాను. జవాబు చెప్పేటప్పుడు దాదాపు అందరి ముఖాలూ వెలుగుతాయి. నా పని అక్కడ మొదలవుతుంది.