సానాయన బీరువాలోని రాయి

సానాయన తన చెల్లెలి రాయి కాజేసి, ఆ డబ్బుతో మేడ మీద గది వేయించుకున్నాడని మా వీధిలో అనుకుంటారు. ముందు గది సంగతి తేల్చేస్తాను. ఆ ఇల్లు సానాయనది కాదు, అద్దె ఇల్లు. గది వేయించుకున్నది ఓనరు. అద్దెకున్నవాడు ఓనరుకు గది కట్టించి పెడతాడా అని ఒక్కరికీ తట్టలేదు. ఇక రాయి సంగతి. అది అంత తేలిగ్గా తెగలేదు, ఎందుకంటే రాయి మారిన మాట నిజం. చెల్లెలి మొగుడు ఇచ్చింది నీళ్ళలాంటి రాయి. బీరువాలో ఉన్నది నల్లటి నీలం.

సానాయన ఉంగరాల్లో, దుద్దుల్లో పొదిగే రాళ్ళకు సానపట్టి మెరుగు పెడతాడు. ముందు గదిలో కిటికీ కింద ఆయన బల్ల, బల్ల మీద తిరిగే చక్రం. దాని రొదకు కుడి చెవి మందగించింది. రహస్యం మాట్లాడాలంటే ఎడమ వైపు కూర్చోవాలి. నేనెప్పుడూ ఎడమ వైపే కూర్చుంటాను. ఏ రాయి చేతికొచ్చినా ముందు చెంపకు ఆనించి చల్లదనం చూస్తాడు, తర్వాత కిటికీలో ఎండకు పట్టి చూస్తాడు. ఎండలో చూడనిదే ఏ రాయినీ నమ్మడు.

"దీపం కింద అన్ని రాళ్ళూ అందగత్తెలే అక్కయ్యా" అంటాడు.

అమ్మానాన్నా పోయాక చెల్లెల్ని ఆ బల్ల పక్కనే పెంచాడు. సానావిడ కాపురానికి వచ్చేసరికి ఆ పిల్లది ఇంకా రెండు జడల వయసు. వదిన జడలు వేస్తే అన్నకు చూపించడానికి పరిగెత్తుకొచ్చేది. పెద్దయ్యాక బావులు తవ్వే మేస్త్రీకిచ్చి చేశారు. మేస్త్రీ పనిమంతుడే, కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఆ మేస్త్రీ ఒకసారి నీళ్ళు నిలిచే పల్లంలో బావి తవ్వుతుంటే, లోతున నల్లటి బంకమట్టిలో ఎప్పటిదో గొడ్డు ఎముక, దాని పక్కనే తుప్పుపట్టిన గొలుసు బయటపడ్డాయి. ఎముక బోలులో గాజుపుల్లలు కట్టగట్టినట్టు ఒక రాయి, బొటనవేలంత. తేటగా, అవతలి వేలు కనిపించేటట్టు ఉంది. రాళ్ళు పోగుచేసే ఆసామి ఒకడు అక్కడే చూసి, ఇలాంటిది నేనెక్కడా చూడలేదు, నాకే ఇవ్వాలి, ఊరెళ్ళి వస్తానన్నాడు. మేస్త్రీ దాన్ని కడిగి సానాయన దగ్గరికి తెచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. నేను లేనిదెప్పుడు?

"కాస్త మెరుగు పెట్టు" అన్నాడు మేస్త్రీ.

సానాయన చెంపకు ఆనించాడు, ఎండకు పట్టాడు, గోటితో ఒక మూల గీశాడు. గీత పడింది.

"గోటికే లొంగుతోంది బావా. సాన మీద పెడితే పిండే మిగులుతుంది. పొరలు పొరలుగా కూడా ఉంది. దీన్ని ముట్టుకోకుండా ఉంచడమే మెరుగు."

"అయితే ఉంచు. ఆసామి వచ్చేదాకా నీ కళ్ళ ముందే ఉండాలి సుమా!"

కళ్ళ ముందే ఉంచాడు. పగలంతా కిటికీ గట్టు మీద, బోర్లించిన గాజు గ్లాసు కింద. చీకటి పడగానే బీరువాలోకి. బీరువా తాళంచెవి సానావిడ నడుముకు వేలాడేది. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే.

ఆసామి వచ్చేసరికి ఎండాకాలం గడిచిపోయింది. మేస్త్రీ, చెల్లెలు, ఆసామి కలిసి వచ్చారు. గ్లాసు ఎత్తగానే ఆసామి మొహం మారిపోయింది.

"నేను చూసింది ఇది కాదండీ."

మేస్త్రీ రాయి అందుకున్నాడు. వేలు అడ్డుపెట్టి చూశాడు, వేలు కనబడలేదు. "ఇదేంటి బావా, సిరాసీసాలో ముంచావా?"

నేను ఊరుకోలేక, "ఆకారం అదే కదయ్యా" అన్నాను.

"ఆకారం చూసే కదండీ, అలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టింది! రాళ్ళవాడికి రాయి దొరకదా?" అన్నాడు మేస్త్రీ.

సానాయన రాయి వంక కళ్ళు చికిలించి చూశాడు. రోజూ చూసేవాడికి పెరిగే బిడ్డ పెరిగినట్టు తెలియనట్లే, అప్పటిదాకా ఆయనకూ తెలియలేదు. రంగు వేరని అప్పుడు తెలిసింది. చెల్లెలు ఎదురుగా వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, నేను మార్చలేదని ఒక్క మాట అను. చాలు."

ఆయన తల వంచుకుని చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. సానావిడ మాత్రం వంటింట్లోంచి దూసుకొచ్చి, "ఆయన్ని ఏమీ అనొద్దు!" అని అడ్డం నిలబడింది. మేస్త్రీ రాయిని బల్ల మీద పడేశాడు. చెల్లెలు వెళ్ళిపోయింది. ఆ పిల్ల మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆసామి పోయాడు, డబ్బు పోయింది. అవి సరే. రెండు జడలప్పటి నుంచీ పెంచిన పిల్ల రాకపోవడంతో ఆ ఇల్లు బోసిపోయింది.

నేను వదిలిపెట్టే రకాన్ని కాదు. ఎడమ వైపు కూర్చుని సానాయన్ని అడిగాను. చక్రం జోరు పెంచాడు. సానావిడను అడిగాను.

"ఆయన్ని ఏమీ అడక్కండి అక్కయ్యా. అడిగితే నన్ను అడగండి."

"నిన్నే అడుగుతున్నా. చెప్పు మరి."

"నాకేం తెలుసు?" అని పప్పు ఏరుకుంది. ఏరిన పప్పే మళ్ళీ ఏరింది.

ఇంకోటి కనిపెట్టాను. ఆ గొడవ తర్వాత సానావిడ తాళంచెవి నడుముకు కట్టుకోవడం మానేసింది. బయటికెళ్తే బల్ల మీద, ఆయన కళ్ళెదుట పెట్టి వెళ్ళేది. ఆయన దాన్ని ముట్టుకోడు. ఆమె వచ్చేదాకా చొక్కా కావాలన్నా బీరువా తెరవడు. కాలే గిన్నెను ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి నెట్టుకుంటున్నట్టు ఉండేది వ్యవహారం. నాకు ఇద్దరి మీదా అనుమానం వచ్చింది.

ఏళ్ళు గడిచాక, ఈమధ్య సానాయన చెల్లెలి ఇంటికి వెళ్ళాను. మాటల్లో, ఎముకలోంచి తీసేటప్పుడు గునపం తగిలి రాయి అంచు విరిగిందనీ, ఆ ముక్క తన దగ్గరే ఉందనీ చెప్పింది. ట్రంకుపెట్టె అడుగున, ఇనప డబ్బాలో, నల్లగుడ్డలో చుట్టి ఉంది. కోపంతో అన్నాళ్ళూ మూత తీయలేదట. తీసి చూస్తే నీళ్ళ తేట. దొరికావు సానాయనా అనుకున్నాను. దీన్ని దాని పక్కన పెడితే దొంగతనం బయటపడుతుందని ముక్కను అడిగి తెచ్చుకుని, పోతుందేమోనని మా కిటికీలో, అద్దం ముందు పెట్టుకున్నాను. జలుబు చేసి కొన్నాళ్ళు మంచం దిగలేదు.

లేచి చూస్తే ముక్క నీలంగా ఉంది.

మా కోడల్ని పిలిచాను. "నా రాయి ఏది?"

"అదుగో, మీ ముందే ఉంది కదా."

"ఇది కాదు. అది తెల్లగా ఉండాలి. ఎవరు మార్చారు?"

"ఎవరు మారుస్తారత్తయ్యా? ఇంట్లో ఉన్నది మీరూ నేనూ. నన్నంటున్నారా?" అని నడుం మీద చేయి వేసుకుంది.

అవునందామని నోరు తెరిచాను. అంతలో సానాయన కిటికీ గుర్తొచ్చింది.

కోడలి తమ్ముడు మట్టి పరీక్షలు చేసే ల్యాబులో పని చేస్తాడు. ముక్క అతనికి పంపితే వాళ్ళ పెద్దల్ని కూడా అడిగి వచ్చాడు.

"ఇది ఇనుమూ, ఫాస్ఫేటూ, నీళ్ళూ కలిసిన రాయి అత్తయ్యగారూ. గాలి చొరని తడిమట్టిలో కుళ్ళే ఎముకలకు తుప్పు తోడైతే పుడుతుంది. మరీ దొరకనిదేం కాదు కానీ, ఇంత తేటగా దొరకడం అరుదట. చీకట్లో ఉన్నంతకాలం తేటగానే ఉంటుంది. వెలుతురు పడితే లోపలి ఇనుము మారి ముందు ఆకుపచ్చ, తర్వాత నీలం, చివరికి నలుపు."

"మళ్ళీ చీకట్లో పెడితే?"

"వెనక్కి రాదండీ."

నిన్న చెల్లెల్ని వెంటబెట్టుకుని సానాయన ఇంటికి వెళ్ళాను. గడప దగ్గర ఆ పిల్ల ఆగింది, నేను చేయి పట్టి లాగాను. పిల్ల అంటున్నాను గానీ తల నెరిసింది. దారంతా చెప్పిందే సానాయనకు మళ్ళీ చెప్పాను, ఎడమ వైపు నుంచి, గట్టిగా. సానావిడ బీరువా తెరిచి రాయి తెచ్చింది. చెల్లెలు ముక్కను రాయి విరిగిన అంచుకు ఆనించింది. పొరకు పొర కలిసిపోయింది, గోరు దూరే సందు కూడా లేదు. రంగులు మాత్రం ఒకటి లేత, ఒకటి ముదురు.

"అదే రాయి వదినా" అంది చెల్లెలు. "అప్పుడూ ఇప్పుడూ ఇదే రాయి."

సానావిడ గోడకు ఆనుకుని కూర్చుంది. "నువ్వు కాదా?" అంది మొగుణ్ణి చూస్తూ. అంత చిన్న గొంతు ఆమెకుందని నాకు తెలియదు.

 ఆయన చక్రం ఆపేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, నువ్వు మార్చలేదని నీకు తెలుసు. చెల్లెలు కాళ్ళావేళ్ళా పడి అడిగింది ఒక్క మాట. నేను కాదని ఎందుకనలేదు?"

ఆయన రాయి వంక చూడలేదు, చెల్లెలి వంక చూడలేదు. గోడ దగ్గర కూర్చున్న పెళ్ళాన్నే చూస్తూ అన్నాడు:

"ఇంట్లో ఉన్నది మేమిద్దరమే కదా అక్కయ్యా. నేను కాదంటే, అందరూ ఇంకెవర్ని అడిగేవాళ్ళు?"