సుక్కి తెల్లకూన వెల

సుక్కి పిల్లికూనను డబ్బుకు ఇవ్వదని తరిగొప్పుల చుట్టుపక్కల తండాలన్నిటికీ తెలుసు. కూన కావలసినవాళ్ళు తమ చేతులతో సోలెడు జొన్నలు, గిన్నెడు పాలు తేవాలి. జొన్నలు సుక్కి చేటలో పోయాలి. పాలు తల్లిపిల్లి ముందు పెట్టి, అది తాగేదాకా నేల మీద కూర్చోవాలి. తాగిందంటే బేరం కుదిరినట్టు. అత్త దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. గింజలున్న ఇంటికే పిల్లితో పని కాబట్టి గింజలే దాని వెల అని అత్త చెప్పేది. డబ్బు పుచ్చుకుంటే తల్లిపిల్లి ఇల్లు విడిచిపోతుందని కూడా చెప్పేది. మొదటి మాటను సుక్కి సగం నమ్మింది, రెండో మాటను పూర్తిగా నమ్మింది.

మనిషి మహా గట్టిది. పదహారేళ్లకు ఆ తండాకు కోడలుగా వచ్చింది, ఏడాది తిరక్కుండా అదే అత్త నోరు మూయించింది. మొగుడు రాంజీ మెత్తనివాడు. అతని వంతు మాటలు కూడా తనే మాట్లాడేది. లింగాల ఘనపూర్ అంగట్లో ఆమె మేకను అమ్ముతోందంటే దళారులు పక్క మేక వైపు జరిగేవారు. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే, వాళ్ళింటి గుట్టు నడివీధిలో పెట్టి మరీ పంపేది. తండాలో ఆమె అంటే ఇష్టపడేవాళ్ళు తక్కువ. కానీ మాట తప్పదని మాత్రం అందరూ ఒప్పుకునేవారు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. వేరే ఆస్తి ఏముంది కనుక? ఉన్నదల్లా జగన్మోహన్ పటేలు దగ్గర కౌలుకు చేస్తున్న రెండెకరాల పత్తి చేను. అదీ కాగితం లేని కౌలు. పటేలు నోటిమాట మీద వచ్చింది, నోటిమాట మీదే పోగలదు.

ఆమె మంచిపేరుకు టీక్యా చెల్లించిన వెల ఒకటుంది. టీక్యా రాంజీకి వరుసకు తమ్ముడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరగడానికి రెండేళ్ల ముందు, వానలు లేని ఏడు, అతని గుడిసెలో ఎలుకలు పడ్డాయి. విత్తనానికని దాచుకున్న పల్లికాయ బస్తా ఒక్కటే ఇంట్లో మిగిలింది, ఎలుకలు సరిగ్గా దానికే తగులుకున్నాయి. కూన కోసం వదినె దగ్గరికి వచ్చాడు. ఇంట్లో జొన్న గింజ లేదు, పాలిచ్చే మేకను అప్పటికే అమ్ముకున్నాడు. కూలికి పోయి తెచ్చిన యాభై రూపాయల నోటు ఆమె ముందు పెట్టాడు. సుక్కి దాన్ని ముట్టుకోలేదు. జొన్నలు తెచ్చుకో, పాలు తెచ్చుకో, అప్పుడు రమ్మంది. రాంజీ మంచం మీది నుంచి ఏదో అనబోతే కళ్ళెర్రజేసింది. టీక్యా మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారికి బస్తాలో పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి పిల్లితో పనిలేకపోయింది. విత్తనం లేక చేను బీడు పెట్టి, భూపాలపల్లి దిక్కు బొగ్గు లారీలు నింపే కూలికి పోయాడు. ఏడాదికి తిరిగొచ్చాడు, ఎడమచేతికి రెండు వేళ్లు తక్కువగా. తండా అంతా అయ్యో అంది. సుక్కి అనలేదు. పద్ధతంటే పద్ధతే అంది. నిజం చెప్పాలంటే, అలా అనగలిగినందుకు లోలోపల కొంత గర్వపడింది కూడా.

సకల జనుల సమ్మె నాటికి ఆమె ఇంట్లో మూడు కూనలున్నాయి. ఒకటి నల్లది, ఒకటి చారలది, మూడోది ఒంటి మీద మచ్చన్నది లేని తెల్లది. బస్సులు తిరగడం లేదు, బడులు తెరవడం లేదు, ఆఫీసులకు తాళాలు. తరిగొప్పుల రోడ్డు మీద దీక్షా శిబిరం వేశారు. రోజుకో ఊరు, రోజుకో కులం వంతు వేసుకుని పొద్దంతా కూర్చునేవారు. శిబిరానికి పెద్ద జగన్మోహన్ పటేలు. తెలంగాణ రావాలని తండాలో అందరికీ ఉంది, సుక్కికి మరీ ఉంది. మన నీళ్లు, మన భూములు అని పటేలు మైకులో అంటుంటే ఆమెకు ఒళ్ళు పులకరించేది. ఆ మన భూముల్లో తన రెండెకరాలు కూడా ఉన్నాయనుకుంది, పిచ్చిది.

తెల్లవారితే తండా వంతు అనగా, వచ్చే ఆడవాళ్ల లెక్క చూసుకోవడానికి పటేలు భార్య అరుంధతి జీపులో వచ్చింది. వెంట కూతురు రజిత. హన్మకొండ హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదివే పిల్ల. సమ్మె పుణ్యమా అని నెల రోజులుగా ఇంట్లో ఉండి ఇల్లు పీకి పందిరేస్తోంది. తండా ఆడవాళ్ళందరూ సుక్కి వాకిట్లో చేరారు, టీక్యా కూడా ఒక పక్కన నిలబడ్డాడు. రజిత తెల్లకూనను చూసింది, ఒళ్ళోకి తీసుకుంది, ఇక దించలేదు.

అరుంధతి చెడ్డ మనిషేం కాదు. బేరమాడనిదే తిన్నది అరగని మనిషి, అంతే. ఎంతకిస్తావని అడిగింది. పైసలకివ్వనని సుక్కి తన పద్ధతి చెప్పింది. అరుంధతికి అది ధర పెంచే ఎత్తుగా తోచి నవ్వొచ్చింది. హాస్టల్లో తన స్నేహితురాలి పిల్లికి హైదరాబాద్‌లో ఎనిమిది వేలు పోశారని రజిత మధ్యలో అందుకుంది. తల్లి కసిరింది. కోడి అయితే కూరకు వస్తుంది, మేక అయితే పాలిస్తుంది, కుక్క అయితే ఇల్లు కాస్తుంది, పట్టుమని పావుకిలో లేని పిల్లికి న్యాయంగా ఎంతివ్వాలి, ఇరవై ఎక్కువ అంది. సుక్కి తల అడ్డంగా ఊపింది. ముప్పై అంది, నలభై అంది, చివరికి యాభై అంది. సుక్కి మళ్ళీ జొన్నలూ పాలూ అనేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది.

"అంటే నేను పాలగిన్నె వట్టుకొచ్చి నీ పిల్లి ముంగట కింద కూసోవాల్నా సుక్కీ?"

అందరూ అట్లనే కూసున్నరమ్మా అని సుక్కి మెల్లగా అంది. అరుంధతి రోడ్డు అవతల తెల్లగా పగిలి ఏరడానికి సిద్ధంగా ఉన్న పత్తి చేను వైపు తీరిగ్గా చూసింది.

"పత్తి మంచిగ పగిలింది గదా. గది ఎవలతోని ఏరిపియ్యాల్నో పటేలు ఇంకా ఏం చెప్పలే."

అంతే. గొంతు కూడా పెంచలేదు. దున్నిన దగ్గర నుంచి పురుగుమందు దాకా నాలుగు నెలల చాకిరీ, ఇద్దరి ఏడాది తిండి ఆ చేనులో ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ తల వంచని సుక్కి, ఊపిరి పీల్చి వదిలేంత సేపట్లో వంగిపోయింది. తీసుకపోండమ్మా, ఊరికనే తీసుకపోండంది. ఊరికే తీసుకోవడానికి మేమేం అడుక్కుంటున్నామా అని అరుంధతి పర్సు తెరిచింది. ఎదుటి మనిషి దిగిందని తెలిశాక యాభై ఎవరిస్తారు? మూడు పది రూపాయల నోట్లు సుక్కి చేతిలో పెట్టింది. సుక్కి పుచ్చుకుని కొంగున ముడేసుకుంది.

జీపు కదిలాక ఆడవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. టీక్యా మాత్రం ఆమె దగ్గరికి వచ్చాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"ముప్పయ్యేనా వదినె? నేను యాభై తెచ్చిన గదా."

తల్లిపిల్లి అటకెక్కి, గంపల వెనక వెతికి, కాసేపు అరిచింది. తర్వాత వచ్చి రాంజీ మంచం కింద ముడుచుకుంది. అది ఇల్లు విడిచి పోతే బాగుండునని సుక్కి చాలాసేపు ఎదురుచూసింది. పోయి ఉంటే, టీక్యాను తిప్పి పంపినందుకు ఒక కారణమైనా మిగిలేది. అది ఎక్కడికీ పోలేదు. హాయిగా నిద్రపోయింది.

మర్నాడు ట్రాక్టరు మీద తండా ఆడవాళ్ళను శిబిరానికి తెచ్చారు. సుక్కిని ముందు వరసలో కూర్చోబెట్టారు, ఎదురుగానే అరుంధతి కుర్చీ. కాసేపటికి రజిత ఎర్రటి గంప ఒకటి తెచ్చి మూత తీసింది. లోపల తెల్లకూన లేదు, గులాబీ రంగు కూన ఉంది. ఉద్యమ ఊరేగింపుల్లో చల్లే గులాలును నీళ్లలో కలిపి చెవుల నుంచి తోక దాకా పట్టించింది ఆ పిల్ల. శిబిరమంతా నవ్వింది. పేపరు విలేకరి ఫోటో తీసుకున్నాడు. పటేలు కూనను అరచేతిలో ఎత్తి చూపించి, మూగజీవం కూడా తెలంగాణ అడుగుతోందని మైకులో అంటే చప్పట్లు మోగాయి. అదే ఊపులో, మన ఆత్మగౌరవానికి వెల కట్టే మొగోడు ఇంకా పుట్టలేదని కూడా అన్నాడు. కింద పెట్టగానే కూన తన ఒళ్ళు తాను నాక్కోవడం మొదలుపెట్టింది. రంగంతా దాని నాలుక మీదే ఉంది.

సుక్కి ఒక గడియ చూసింది. కూన నోటి వెంట నురగ కనిపించగానే లేచి అరుంధతి దగ్గరికి పోయి, కొంగుముడి విప్పి మూడు నోట్లు చాచింది. రంగు కడుపులోకి పోతున్నదమ్మా, కూనను నాకియ్యుండ్రి, కడుగుతా అని బతిమాలింది. అరుంధతి పక్క కుర్చీ ఆమె వైపు తిరిగి నవ్వింది.

"నిన్న ముప్పై. రేపు పేపర్ల ఫోటో పడే పిల్లి ఇయ్యాల ముప్పయ్యికి వస్తదా? మూడు వందలియ్యి."

వేళాకోళమే. కానీ సుక్కి దాన్ని బేరమనే అనుకుంది. మోచేతి వెండి కడియం పీకి నోట్ల మీద పెట్టి రెండు చేతులా చాచింది. నవ్వులు ఆగిపోయి అందరూ ఇటు చూసేసరికి అరుంధతి మొహం కందిపోయింది. నేనేమన్న నీ ఒంటి మీది సొమ్ము గుంజుకుంటున్నానా, నలుగుట్ల నా మర్యాద తీస్తున్నావా, పోయి కూర్చోమంది. దీక్షల నుంచి లేవొద్దమ్మా అని పటేలు మైకులో మర్యాదగా అన్నాడు.

సుక్కి పోయి కూర్చుంది. కూన ఆమెకు నాలుగడుగుల దూరంలో, కుర్చీ కింద ఉంది. చేయి చాపి తీసుకుని నడిచి వెళ్ళిపోతే ఎవరూ కొట్టేవారు కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పత్తి చేను గుర్తొచ్చింది, చేయి ఒళ్ళోనే ఉండిపోయింది. కూన రెండుసార్లు గులాబీ రంగుగా కక్కింది. తర్వాత పక్కకు పడి కాళ్ళు తన్నుకుంది. చుట్టూ నినాదాలు లేచాయి. అందరితో పాటు సుక్కి కూడా జై తెలంగాణ అంటూ పిడికిలెత్తింది, ఎత్తకపోతే పటేలు కంట పడతానేమోనని. సాయంత్రం నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసే వేళకు కూన కట్టెలా బిగుసుకుపోయింది. రజిత గుక్కపట్టి ఏడ్చింది. పటేలు ఇంటి జీతగాడు దాన్ని తోక పట్టుకుని తీసుకుపోయి రోడ్డు అవతల తుమ్మల్లోకి విసిరాడు.

మర్నాడు పొద్దున ఆ జీతగాడే సైకిలు మీద తండాకు వచ్చాడు. రజితమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు, ఇంకో కూన కావాలంటోంది, పటేలమ్మ తెమ్మన్నదని చెప్పాడు. చేను మాట ఎత్తలేదు. ఎత్తేదాకా సుక్కి ఆగనూ లేదు. లోపలికి పోయి తల్లి రొమ్ము నుంచి చారల కూనను విడదీసి తెచ్చింది. రాంజీ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దీనికి రంగు పూయొద్దని చెప్పమందామనుకుంది. మాట నాలుక దాకా వచ్చింది. పటేలమ్మను తప్పుపట్టినట్టు అవుతుందేమోనని మింగేసింది. ఎంతియ్యమంటావని అతడడిగితే మీ ఇష్టమంది. అతడు జేబులో తడిమి పది రూపాయల నోటు ఒకటి ఇచ్చి, కూనను సంచిలో వేసుకుని, ఇది కూడా దక్కకపోతే నల్లదాని కోసం మళ్ళీ వస్తానన్నాడు. సుక్కి సరేనంది.