వడమాలపేటకు చేరని సవరణ

1999లో నేను తిరుపతిలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సీనియర్ సబ్ ఎడిటర్‌ని. మండల విలేకరులు పంపే వార్తలు దిద్ది, శీర్షిక పెట్టి, పేజీకి ఎక్కించడం మా పని. కార్గిల్ యుద్ధం ముగిసిన రోజుల్లో, మన జిల్లా వీరుల కథలు వేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది.

ఐరాల విలేకరి ఒక మాజీ హవల్దారు కథ పంపాడు. అంతకు పదేళ్ల కిందట శ్రీలంక వెళ్లిన మన శాంతి సేనలో ఆయన పనిచేశాడు. అక్కడ ఆయన పక్కన నడుస్తున్న వడమాలపేట కుర్రాడు మందుపాతర పేలి చనిపోయాడు. శవం ఇంటికి రాలేదు. అక్కడే దహనం చేశారు. అస్థికలు తెచ్చి తల్లి చేతిలో పెట్టింది ఈ హవల్దారే.

మా ఎడిషన్ ఇన్‌చార్జికి అది రుచించలేదు. ఆ యుద్ధంలో గెలుపూ లేదు, జనానికి గుర్తూ లేదన్నాడు. నేను ఇంటికి వెళ్లాక శ్రీలంక కొట్టేసి కాశ్మీరు సరిహద్దు అని, మందుపాతర కొట్టేసి శత్రువు తూటా అని పెట్టాడు. నా మొత్తం సర్వీసులో అంత సిగ్గులేని దిద్దుబాటు చూడలేదు.

కథ పడిన మూడో రోజున హవల్దారు మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేం తిరిగొచ్చినాక, ఆడ లంకోళ్లు మమ్మల్ని తరిమినామని చెప్పుకున్నారు. ఈడ మనోళ్లు పని ముగించుకోని వచ్చినారన్నారు. ఎవురేమన్నా అనుకోనీ సార్. ఆ యమ్మకు మాత్రం నేను జరిగింది జరిగినట్టు చెప్పినా. నిన్న మా ఇంటికొచ్చి, నా కొడుకు కాశ్మీరంలో సచ్చింటే నువ్వు తెచ్చిచ్చిన బూడిద ఎవురిది నాయనా అని అడిగింది. ఏం చెప్పేది?"

ఆయన్ని ఇన్‌చార్జి దగ్గరికి తీసుకెళ్లాను. గొప్పగానే రాశాం కదా, సైనికుడు ఎక్కడ చనిపోయినా వీరుడే కదా అని నచ్చజెప్పబోయాడు ఆ పెద్దమనిషి. పుండు మీద కారం చల్లడమంటే అదే. నేను గొంతు పెంచాక సవరణ వేయడానికి ఒప్పుకున్నాడు.

వేశాడు కూడా. అయితే మా జిల్లా అనుబంధంలో చిత్తూరు వైపు ఊళ్లకు ఒక పేజీ, తిరుపతి వైపు ఊళ్లకు ఒక పేజీ వేరువేరుగా అచ్చయ్యేవి. వీరుడి కథ రెండింటిలోనూ పడింది. ఫిర్యాదు చేసిన మనిషిది ఐరాల కాబట్టి సవరణ చిత్తూరు పేజీలో మాత్రమే పడింది. వడమాలపేటకు వెళ్లేది తిరుపతి పేజీ.

ఒళ్లు మండిపోయింది. ఆ పేజీ పట్టుకుని, హవల్దారును వెంటబెట్టుకుని నేనే వడమాలపేట బస్సెక్కాను. ఆ తల్లికి సవరణ చదివి వినిపించాను. తన కళ్లారా చూశానని హవల్దారు మళ్లీ చెప్పాడు. ఆమె అంతా విని, నెమ్మదిగా అంది:

"మొన్నటి పేపరు మా ఊరంతా సదివినారు. ఇది మా ఊరికి రానేలేదు. ఆడ సచ్చినాడని ఒకరు, ఈడ సచ్చినాడని ఒకరు. అసలు సావనే లేదేమో. యాడన్నా ఉండాడేమో నా కొడుకు, కనుక్కోండి నాయనా."

మేమిద్దరం ఎంత చెప్పినా ఆమె ఆ మాట వదల్లేదు. ఆ తర్వాత నేను డెస్కు ఇన్‌చార్జి అయ్యాక ఒకే నియమం పెట్టాను: తప్పు ఎన్ని ఊళ్లకు వెళ్లిందో సవరణ అన్ని ఊళ్లకూ వెళ్లాలి. దాంతో పత్రిక పరువు నిలబడుతుంది. ఆ తల్లి మాత్రం బతికినంత కాలం కొడుకు కోసం ఎదురుచూసింది.