పోయొస్త అవ్వా

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. నా బిడ్డ మీద ఒట్టేసి చెప్తున్నాను... ఇది మా ఇంట్లోనే జరిగింది.

అశ్వారావుపేటలో నేను పామాయిల్ గెలల ట్రాక్టర్ తోలుతాను. నా భార్య సుజాతకు భుజం పట్టేసి జడ కూడా వేసుకోలేకపోయేది. దవాఖానాలు తిరిగి తిరిగి విసుగొచ్చి, అడవి అంచున నాటువైద్యం చేసే అవ్వ దగ్గరికి తీసుకెళ్లాను. నడుము పూర్తిగా వంగిపోయిన ముసలామె. భుజం మీద చెయ్యి వేసింది... అంతే, నొప్పి పోయింది! వెళ్లేటప్పుడు పోయొస్తామని అనకూడదని, చావింటి నుంచి లేచినట్టే నోరెత్తకుండా లేచిపోవాలని అవ్వ ముందే చెప్పింది. మన అలవాటు ఊరుకుంటుందా? గడప దాటుతూ సుజాత, "పోయొస్త అవ్వా" అనేసింది.

అవ్వ నవ్వింది.

అప్పట్నుంచి సుజాతకు అదే పిచ్చి. నొప్పి లేకపోయినా ప్రతి ఆదివారం అక్కడికే. తర్వాత తనే చెయ్యి వేయడం మొదలుపెట్టింది. పక్కింటి పెద్దాయన మోకాలు, నా నడుము... తాకితే చాలు, ప్రాణం హాయిగా ఉండేది. కానీ పెద్దాయన లేచి నడిచిన రోజు నుంచి ఈమె కుంటుతోంది. నా నొప్పి పోయింది, ఈమె నడుము వంగింది. మనిషి సగమైపోయింది. మానెయ్యమని బతిమాలినా వినలేదు.

భయమేసి అవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె నిటారుగా నిలబడి కట్టెలు కొడుతోంది.

"నేనేమన్న పిలిచిన్నా బిడ్డా? వస్తనన్నది ఆమెనే గద" అంది.

ఆ రాత్రి కరెంటు పోయింది. నా నడుము మళ్లీ లాగుతోంది... పళ్లు బిగించి పడుకున్నాను. చీకట్లో గాజుల చప్పుడు. నా వీపు మీద చెయ్యి... వేడిగా... మెల్లగా పాకుతోంది. వెతుకుతోంది.

"ఏడ నొస్తుంది, చెప్పు" అంది సుజాత.

"ఏడా లేదు, పండుకో" అన్నాను.

చెయ్యి ఆగింది. అప్పుడే గోడ పక్కన మా పాప నిద్రలో మూలిగింది. "అమ్మా... కడుపు నొస్తుందే..."

గాజులు అటు కదిలాయి. లేచి ఆపాలనుకున్నాను. పాప ఏడుస్తుంటే ఎలా ఆపను? ఆపకుండా ఎలా ఉండను? అలాగే కొయ్యబారిపోయాను. కాసేపటికి మూలుగు ఆగిపోయింది.

పొద్దున పాప గెంతుకుంటూ బడికెళ్లింది. సుజాత గడపలో కూర్చుని, రెండు చేతులా కడుపు పట్టుకుని, నవ్వుతోంది.

"ఇంకెవరికన్న నొస్తుందా?" అని అడిగింది.

అది రోగమో, వరమో, ఇంకేదైనా పట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో ఇప్పుడు దగ్గొచ్చినా, నేనూ పాపా వీధి చివరిదాకా వెళ్లి దగ్గి వస్తున్నాం.